తెర మీద మీటల ముద్ర

కొని ఏడాది తిరక్కుండానే ల్యాప్‌టాప్ తెర మీద గళ్లు గళ్లుగా మరకలు. తుడిస్తే కొన్ని పోతాయి, కొన్ని పోవు. గట్టిగా తుడిస్తే కొత్తవి వస్తాయి! ఇంతకీ ఆ ముద్రలు ఎక్కడివి? రాకుండా ఏం చేయాలి?

సంక్రాంతి సెలవులకి అమ్మాయి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. భుజాన బ్యాగు, బ్యాగులో ల్యాప్‌టాప్. ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు నాన్న వాయిదాల మీద కొనిచ్చాడు. ఇంకా నాలుగు వాయిదాలు కట్టాలి.

రాత్రి భోజనాలయ్యాక ప్రాజెక్టు చూపిస్తానంటూ మూత తెరిచింది. నాన్న కళ్లజోడు సవరించుకుని తెరకేసి చూశాడు. ‘‘ఏంటమ్మా ఇది, గళ్ల లుంగీలా ఉందీ?’’

నిజమే. నల్లటి తెర మీద వరసగా చిన్న చిన్న చతురస్రాలు. కింద ఒక పొడుగాటి గీత. అచ్చం కీబోర్డుని తీసి తెర మీద అచ్చేసినట్టే ఉంది.

‘‘దుమ్ము పట్టి ఉంటుంది. ఉండు’’ అంటూ అమ్మ లేచింది. అలమారా అద్దానికి చల్లే నీలం ద్రవం తెచ్చింది. నాలుగు చుక్కలు చల్లింది. పాత తువ్వాలు ముక్కతో తుడిచింది. సగం గళ్లు పోయాయి. మిగతావి కూడా పోవాలని ఇంకాస్త గట్టిగా రుద్దింది. తెల్లారి కిటికీ వెలుతురులో చూస్తే తెర మధ్యలో అరచేయంత మేర మసక!

మరమ్మతు చేసే కుర్రాడు ఒక్కసారి ఏటవాలుగా చూసి చెప్పేశాడు. ‘‘పై పూత పోయిందండీ. ఇది తుడిస్తే పోయేది కాదు. తెర మార్చాల్సిందే.’’

‘‘వారంటీ ఉందిగా బాబూ?’’

‘‘దీనికి రాదండీ.’’

ఇలాంటి సంభాషణ ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. 2020లో కరోనా వచ్చి చదువులూ ఉద్యోగాలూ ఇంటికి చేరాక, ల్యాప్‌టాప్ దాదాపు బియ్యం డబ్బాలాగే ఇంటి సామాన్లలో కలిసిపోయింది. కానీ బియ్యం డబ్బా మూత ఎలా పెట్టాలో అందరికీ తెలుసు. ల్యాప్‌టాప్ మూత సంగతే ఎవరూ చెప్పలేదు!

మూత మూస్తే ముద్దు పెట్టుకుంటాయి

తెరని కీబోర్డు మీదకి మడతపెట్టే ఏర్పాటు కొత్తదేం కాదు. 1982లో ‘గ్రిడ్ కంపాస్’ అనే కంప్యూటర్ వచ్చింది. బిల్ మాగ్రిడ్జ్ అనే డిజైనర్ దానికి ఆల్చిప్పలా తెరుచుకునే రూపం ఇచ్చాడు. బరువు దాదాపు 5 కిలోలు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా స్పేస్ షటిల్‌లో కూడా అది ప్రయాణించింది. ఈ రోజు మన ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్‌లన్నీ ఆ ఆల్చిప్ప వారసులే.

అప్పట్లో మందపాటి మూతలు. మూతకి కొక్కేలు. మూసినా తెరకీ మీటలకీ మధ్య ఖాళీ దండిగా ఉండేది. తర్వాత సన్నదనం మోజు పెరిగింది. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఆఫీసు కాగితాలు పెట్టుకునే కవరులోంచి ‘మ్యాక్‌బుక్ ఎయిర్’ని బయటికి తీసి చూపించాడు. అత్యంత మందంగా ఉన్నచోట కూడా దాని మందం 1.94 సెంటీమీటర్లే. బరువు 1.36 కిలోలు. అక్కణ్నుంచి కంపెనీలన్నీ సన్నబడే పోటీలో పడ్డాయి.

సన్నబడితే ఏమవుతుంది? మొట్టమొదట తగ్గేది మధ్యలో ఉండే ఖాళీ. మూసినప్పుడు తెరకీ మీటలకీ మధ్య మిగిలేది వెంట్రుకవాసి అంటే అతిశయోక్తి అనిపించొచ్చు గానీ, మరీ అబద్ధం కాదు. మూత కూడా పలచన. కాస్త ఒత్తితే లోపలికి వంగుతుంది. వంగిందంటే తెర వెళ్లి మీటల్ని తాకినట్టే. మీటల మీద ఏముంటే అది తెరకి అంటుకుంటుంది.

అంటే ముద్ర పడాలంటే రెండు కావాలి. మీటల మీద జిడ్డు. మూత మీద ఒత్తిడి. రబ్బరు స్టాంపుకి సిరా, చేతి బలం ఎలాగో ఇవి అలాగ. రెండింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ముద్ర సరిగా పడదు. నివారణ మొత్తం ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

ఆ జిడ్డు ఎక్కడిది?

ఇక్కడో తమాషా సంగతి. మన చర్మంలో నూనెని తయారుచేసే గ్రంథులు ముఖం మీదా మాడు మీదా ఎక్కువ. అరచేతుల్లో, వేళ్ల లోపలివైపు అసలు ఉండవు! అక్కడ ఉండేవి చెమట గ్రంథులే. మరి మీటల మీద నూనె ఎలా చేరుతోంది?

పాఠం అర్థం కాకపోతే తల గోక్కుంటాం. విసుగొస్తే నుదురు రుద్దుకుంటాం. ఆలోచనలో పడితే ముక్కు పట్టుకుంటాం. జుట్టుకి కొబ్బరినూనె రాసుకుని జడ సరిచేసుకుంటాం. అదే చేత్తో టైపు చేస్తాం. ఒక చేత్తో మిర్చిబజ్జీ, ఇంకో చేత్తో మౌస్ సంగతి సరేసరి! దీనికి చెమటలోని ఉప్పు, ఫ్యాను గాలికి వచ్చే దుమ్ము తోడవుతాయి. మీటల మీద మెరుపు కనిపిస్తోందంటే సిరా సిద్ధంగా ఉన్నట్టే లెక్క. ఎక్కువ కాలం వాడితే మీట అరిగి కూడా మెరుస్తుంది, అది వేరే సంగతి.

దుమ్ముని తేలిగ్గా తీసుకోకూడదు. వీధి దుమ్ములో సన్నటి ఇసుక రేణువులు ఉంటాయి. వాటిలోని క్వార్ట్జ్ గాజుకంటే గట్టిది. జిడ్డు మీద అలాంటి రేణువు ఒక్కటి అతుక్కుని, దాని మీద తెర ఆనుకుని, బస్సు కుదుపులకి అటూ ఇటూ కదిలితే ఆ మీట గరుకు కాగితంలా పనిచేస్తుంది. అలా పడే గీతని ఏ గుడ్డా తుడవలేదు.

మరి ఆ ఒత్తిడి?

అమ్మాయి బ్యాగు ఒకసారి తెరిచి చూద్దాం. రెండు లావాటి పుస్తకాలు. ఇటుకలాంటి ఛార్జరు. నీళ్ల సీసా. అమ్మ కట్టిచ్చిన అరిసెల స్టీలు డబ్బా. ఇవన్నీ ల్యాప్‌టాప్ మూతకి ఆనుకునే ఉన్నాయి. బస్సులో ఆ బ్యాగుని కాళ్ల దగ్గర పెట్టుకుని, నిద్రొచ్చినప్పుడు దాని మీదే తల వాల్చింది. ఆటోలో దాన్ని వీపుకి తగిలించుకునే వెనక్కి ఆనుకుని కూర్చుంది. హాస్టల్లో బల్ల చాలక మూసిన ల్యాప్‌టాప్ మీదే రికార్డు పుస్తకాలు పేర్చింది. ఇవేవీ తప్పులని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

డబ్బా అంచు, ఛార్జరు మూల లాంటివి మూతని ఒకే చోట నొక్కుతాయి. అందుకే చాలా తెరల మీద ముద్రలు అంతటా ఒకేలా ఉండవు. మధ్యలో ముదురుగా, అంచుల్లో లేతగా ఉంటాయి. మధ్యలోనే మూత ఎక్కువ వంగుతుంది కదా! కొన్ని ల్యాప్‌టాప్‌లకి కీబోర్డు నడిమధ్య చిన్న ఎర్రటి బొడిపె ఉంటుంది. ముందు తెరకి తగిలేది అదే.

మరక మూడు రకాలు

తెర మీద ఏదైనా కనిపించగానే గుడ్డ అందుకోవద్దు. ముందు అదేమిటో తేల్చుకోండి. ల్యాప్‌టాప్ ఆపేసి, సెల్‌ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా తెర మీద వేయండి.

మొదటిది జిడ్డు ముద్ర. టార్చి వెలుగులో గళ్లు కనిపిస్తాయి. మెత్తటి గుడ్డతో ఒక మూల మెల్లగా రాస్తే చెదురుతుంది. ఇది పోయే మరక. భయం లేదు.

రెండోది గీత, లేదా పూత అరుగుదల. ఇదీ టార్చి వెలుగులో కనిపిస్తుంది. కానీ తుడిస్తే చెదరదు. ఉన్నచోటే ఉంటుంది. ఇది పోయేది కాదు. రుద్దేకొద్దీ పెరుగుతుంది.

మూడోది లోపలి మచ్చ. తెర ఆపి ఉన్నప్పుడు ఏమీ కనిపించదు. ఆన్ చేసి తెల్లటి పేజీ పెడితే ఒకచోట వెలుగు ఎక్కువగా, తెల్లటి చుక్కలా కనిపిస్తుంది. ఎల్‌సీడీ తెర వెనక వెలుగుని సమంగా పరిచే పలచని పొరలు ఉంటాయి. బయటి ఒత్తిడికి అవి నలిగినా, కదిలినా ఇలా అవుతుంది. పైన ఎంత తుడిచినా ప్రయోజనం లేదు.

మన కథలో అమ్మ చేసిన పొరపాటు ఒక్కటే. సగం గళ్లు మొదటి రకం. అవి పోయాయి. మిగతా సగం రెండో రకం. వాటినీ మొదటి రకం అనుకుని రుద్దింది.

అద్దం కాదు... అద్దం మీద పూత

తెరని తుడిచేటప్పుడు మనం నిజానికి తుడిచేది గాజుని కాదు. నిగనిగలాడే తెరల్లో చాలావాటికి గాజు మీద, ఎదుటి వెలుతురు ప్రతిబింబించకుండా ఒక పూత వేస్తారు. దాని మందం మన తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. ఇక మెరుపు లేని మ్యాట్ తెరల్లో ఎక్కువవాటికి పైన గాజే ఉండదు. ఉండేది పోలరైజర్ అనే ప్లాస్టిక్ పొర. అలమారా అద్దాన్ని రుద్దినట్టు దాన్ని రుద్దితే ఎలా ఊరుకుంటుంది?

ఈ పూత ఎంత సున్నితమో 2015లో లోకానికంతా తెలిసింది. యాపిల్ కంపెనీ రెటీనా తెరలున్న మ్యాక్‌బుక్‌లు కొన్నవాళ్లలో కొందరు తమ తెర పూత మచ్చలు మచ్చలుగా లేచిపోతోందని ఫిర్యాదు చేశారు. మూసినప్పుడు మీటలు తగిలే చోట పూత పోయిందని చెప్పినవాళ్లూ ఉన్నారు. ‘స్టెయిన్‌గేట్’ అని దానికి పేరు కూడా పెట్టారు. చివరికి కంపెనీ ఆ ఏడాది అక్టోబరులో, అర్హత ఉన్నవాళ్లకి కొంతకాలం పాటు ఉచితంగా తెరలు మార్చే ఏర్పాటు చేసింది. లక్ష రూపాయల పైబడిన యంత్రానికే ఈ గతి పడితే, వాయిదాల మీద కొన్నదాన్ని ఇంకెంత భద్రంగా చూసుకోవాలి!

మధ్యలో గుడ్డ పెట్టొచ్చా?

కొత్త ల్యాప్‌టాప్ పెట్టె విప్పినప్పుడు గుర్తుందా? కీబోర్డుకీ తెరకీ మధ్య మెత్తటి పలచని తెల్లటి పొర ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని ప్యాకింగ్‌తో పాటే చెత్తబుట్టలో వేస్తారు. ఫ్యాక్టరీ నుంచి దుకాణం దాకా లారీ కుదుపుల్లో మీటలు తెరకి తగలకుండా కాపాడేది అదే. మళ్లీ కొనేటప్పుడు దాన్ని పారేయకండి. ప్రయాణాల్లో వేసి మూసేందుకు అంతకంటే సరిగ్గా కొలతకి సరిపోయేది దొరకదు. ఎప్పటికప్పుడు దుమ్ము దులిపి వాడుకోండి.

అది లేకపోతే? కళ్లజోడు తుడుచుకునే గుడ్డలాంటి పలచని మైక్రోఫైబర్ గుడ్డ వేసుకునేవాళ్లు ఉన్నారు. పాత ల్యాప్‌టాప్‌లకీ, మూత కాస్త వదులుగా ఉన్నవాటికీ ఇది బాగానే పనిచేస్తుంది. మరీ సన్నటి కొత్త మోడళ్లతో మాత్రం జాగ్రత్త. 2020లో యాపిల్ తన వినియోగదారులకి ఒక హెచ్చరిక చేసింది. కెమెరా కనబడకుండా అతికించే ప్లాస్టిక్ మూతలు ఉంచి ల్యాప్‌టాప్‌ని మూస్తే తెర దెబ్బతినొచ్చంది. తప్పనిసరైతే మామూలు ప్రింటరు కాగితం మందాన్ని, అంటే 0.1 మిల్లీమీటరుని మించనివ్వొద్దని చెప్పింది. ఖాళీ ఎంత తక్కువో చూశారుగా!

కాబట్టి మందపాటి తువ్వాళ్లు, చేతిరుమాళ్లు మడతపెట్టి పెట్టొద్దు. కీబోర్డు మీద వేసే సిలికాన్ తొడుగులతోనూ ఇదే ఇబ్బంది. టైపు చేసేటప్పుడు మీటల్ని కాపాడతాయి గానీ, అలాగే మూస్తే అవే తెరని నొక్కుతాయి. మూసేముందు తీసేయడం మేలు. గుడ్డ వేసి మూస్తే మూత పూర్తిగా దిగకపోయినా, దిగడానికి చేత్తో నొక్కాల్సి వచ్చినా మీ ల్యాప్‌టాప్‌కి గుడ్డ పనికిరాదని అర్థం. ముందుగా దాంతో వచ్చిన సూచనల పుస్తకం చూడండి. మధ్యలో ఏమీ పెట్టొద్దని అందులో ఉంటే పెట్టకండి. అలాంటివాటికి మీటల్ని శుభ్రంగా ఉంచుకోవడమే అసలైన రక్షణ.

వారానికోసారి... పది నిమిషాలు

* ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపేయండి. ఛార్జరు తీసేయండి. వేడి తగ్గనివ్వండి.

* ముందు మీటలు, తర్వాతే తెర. కీబోర్డు కిందికి ఉండేలా వంచి మెల్లగా తట్టండి. మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో మీటల సందుల్లో దుమ్ము దులపండి. తర్వాత కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో మీటల పైభాగం తుడవండి. నీటి చుక్క లోపలికి దిగకూడదు.

* తెరకి వేరే గుడ్డ వాడండి. మీటలు తుడిచిన గుడ్డతో తెర తుడిస్తే మీటల మీది ఇసుకని చేత్తో తీసుకెళ్లి తెరకి రాసినట్టే.

* ముందు పొడిగుడ్డతో దుమ్ము తీయండి. తర్వాత కాస్త తేమ ఉన్న గుడ్డతో ఒకే దిశలో, బరువు వేయకుండా తుడవండి. వేలితో మూత వెనక ఆసరా పట్టుకుంటే తెర వంగదు.

* బోరు నీళ్లు వద్దు. ఆరాక తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడండి.

* ద్రవాన్ని తెర మీద నేరుగా చల్లొద్దు. జారి కింది అంచులోంచి లోపలికి పోతుంది. గుడ్డకే తేమ అద్దండి.

* అద్దాలు తుడిచే ద్రవాలు, గోళ్ల రంగు తీసే ద్రవం, సబ్బు పొడి దగ్గరకి రానివ్వొద్దు. స్పిరిట్ లాంటివి కంపెనీ వాడొచ్చని చెప్తేనే వాడండి.

* చీర కొంగు, చొక్కా అంచు, టిష్యూ కాగితం... ఏవీ వద్దు. అద్దాలు తుడవడానికి పాత న్యూస్‌పేపరు వాడే అలవాటు మనకి ఉంది. తెరకి మాత్రం అది పనికిరాదు. మీరు చదువుతున్న ఈ పేజీతో సహా!

* మైక్రోఫైబర్ గుడ్డని విడిగా ఉతకండి. బట్టలు మెత్తబడేందుకు వేసే కండిషనర్ కలపొద్దు. దాని జిడ్డు మళ్లీ తెరకే చేరుతుంది.

బ్యాగు సర్దే పద్ధతి

ల్యాప్‌టాప్‌కి విడిగా మెత్తటి అర ఉన్న బ్యాగు తీసుకోండి. మూత వైపు వీపు దిండుకి, అడుగు వైపు పుస్తకాలకి ఉండేలా పెట్టండి. ఛార్జరు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా వేరే అరలోకి. బ్యాగుని కుక్కి కుక్కి నింపొద్దు. బస్సులో తలదిండు చేసుకోవద్దు. వీపున వేసుకుని కుర్చీకి ఆనుకోవద్దు. ఇంట్లో మూసిన ల్యాప్‌టాప్ మీద ఏ బరువూ పెట్టొద్దు. పాలకవరు తెచ్చి దాని మీదే పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మాన్పించండి.

తెరిచేటప్పుడు, మూసేటప్పుడు మూతని మూల పట్టుకుని లాగొద్దు. పైఅంచు మధ్యలో పట్టుకోండి. మూసేముందు ఒక్క క్షణం కీబోర్డు కేసి చూడండి. పెన్నో, ఇయర్‌ఫోనో, బిస్కట్ ముక్కో ఉందంటే అది మరకతో సరిపెట్టదు. తెరనే పగలగొడుతుంది.

ఇక వారంటీ మాట. మామూలు వారంటీ తయారీ లోపాలకే వర్తిస్తుంది. ఒత్తిడికో, రాపిడికో తెర పాడైతే సాధారణంగా వర్తించదు. ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి కొన్ని కంపెనీలు విడిగా రక్షణ పథకం అమ్ముతాయి. హాస్టల్‌కి వెళ్లే పిల్లలకి కొనేటప్పుడు దాని సంగతి కూడా దుకాణంలోనే అడిగి, ఏం వర్తిస్తుందో ఏం వర్తించదో చదివి తెలుసుకోవడం మంచిది.

జాడీ దగ్గర నేర్చుకున్నదే

ఆ ఇంటికి మళ్లీ వద్దాం. తెర మార్చలేదు. ఖరీదు విన్నాక, వాయిదాలు తీరేదాకా ఆగుదామని నాన్నే అన్నాడు. మసక ఉన్నా పని జరుగుతోంది. అమ్మకి మాత్రం మనసులో గుచ్చుకుంటూనే ఉంది. బాగుచేద్దామని కూర్చుని తానే పాడుచేశానని.

‘‘నీ తప్పేం లేదమ్మా. మాకే తెలీదు’’ అంది కూతురు. బ్యాగు ఎలా సర్దాలో, చేతుల జిడ్డు ఎలా చేరుతుందో తను తెలుసుకున్నదంతా చెప్పింది.

అంతా విని అమ్మ నవ్వింది. ‘‘ఇంతేనా? ఆవకాయ జాడీకి చేసేదేగా! తడి చెయ్యి పెట్టనిస్తామా? మూత పెట్టేముందు అంచు తుడవమూ? వాసెన కట్టమూ? జాడీ మీద ఇంకోటి పెడతామా?’’

సెలవులయ్యాక అమ్మాయి మళ్లీ బయల్దేరింది. ఈసారి అరిసెల డబ్బా బ్యాగులో లేదు. విడిగా చేతిసంచిలో ఉంది. ల్యాప్‌టాప్ అరలో రెండు మైక్రోఫైబర్ గుడ్డలు. కలిసిపోకుండా ఒకదాని మూలకి అమ్మ ఎర్రదారంతో కుట్టు వేసింది. అది మీటలకి. రెండోది తెరకి.

గుమ్మం దాటుతుంటే అమ్మ ఎప్పుడూ చెప్పే జాగ్రత్తల జాబితాకి కొత్తగా ఇంకొకటి చేర్చింది.

‘‘చేతులు కడుక్కుని ముట్టుకో తల్లీ!’’